సున్నా వెనక ఏడుగురు

మొదటి నుంచి చదువుతున్నవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. కొత్తగా వచ్చినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్తాను. నా పేరు నాగజ్యోతి. నంద్యాలలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు చూసే ఒక ఆఫీసులో పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఏ మండలంలో చూపు లేని పిల్లలు ఎందరు, వినపడని పిల్లలు ఎందరు, నడవలేని పిల్లలు ఎందరు, అన్నీ నా కంప్యూటర్ నుంచే పై ఆఫీసుకు పోతాయి. వాళ్లు ఏడాదికోసారి ఆ పట్టికను జనమంతా చూసేలా వెబ్‌సైట్‌లో పెడతారు. ఈ ఏడాది పట్టికలో ఆళ్లగడ్డ మండలం ఎదురుగా, వినికిడి లోపం గడిలో సున్నా ఉంది. నిజానికి అక్కడ ఏడుగురు పిల్లలున్నారు. పిల్లలే లేనిచోట మాటలు నేర్పే టీచరెందుకని పైవాళ్లు లూదియాను జూన్ నుంచి నందికొట్కూరుకు వేశారు. ఆ ఏడుగురిలో ఒక పాప తల్లి రాజేశ్వరి. ఆ సున్నా వేసిందెవరని మూడు నెలలుగా నన్ను అడుగుతూనే ఉంది. పోయిన వారం సమాచార హక్కు కింద అర్జీ కూడా పెట్టింది. ఆ అర్జీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వచ్చింది. దాని జవాబు నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

ఇక గురువారం సంగతి.

పొద్దున తొమ్మిదికే ఎండ మాడ్చేస్తోంది. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడ్డాను. అద్దం బిగుసుకుపోయి జరగదని బస్సు కదిలాక తెలిసింది. నా అదృష్టాలన్నీ ఇలాగే ఉంటాయి. ఒళ్లో ఫైలు, ఫైల్లో ఏడు ఫారాలు. ఏడు ఇళ్లవాళ్లు, తల్లీ తండ్రీ ఇద్దరూ, వాటి మీద సంతకాలు చేయాలి. అవి శుక్రవారం సాయంత్రం ఐదులోపు పై ఆఫీసుకు చేరాలి. ఒక్క సంతకం తగ్గినా పట్టిక దిద్దరు.

ఎందుకింత తతంగమంటే, ఒక రూలుంది. ఒక మండలంలో ఒక రకం లోపమున్న పిల్లలు పదిమందికన్నా తక్కువుంటే ఆ అంకె బయటపెట్టకూడదు. నలుగురో ఐదుగురో ఉన్నారంటే చాలు, అది ఎవరి బిడ్డో ఊళ్లోవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేస్తారు. అందుకని అంకెకు బదులు నక్షత్రం గుర్తు పెట్టాలి. పిల్లలున్నారు, ఎందరో చెప్పం అని దానర్థం. మంచి రూలే, కాదనను. ఎవరో పిల్లలున్న మనుషులే రాసుంటారు. కానీ ఇప్పుడు సున్నా తీసి ఏడు అని వేయాలంటే, మా బిడ్డ సంగతి బయటికి తెలిసినా మాకు అభ్యంతరం లేదని ఏడు ఇళ్లవాళ్లూ రాసివ్వాలి.

సున్నా తీసి నక్షత్రమే పెట్టొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. ఆ సున్నా ఎవరు వేశారో, ఎందుకు వేశారో సంతకంతో రాసిస్తే పెడతామన్నారు. మా ఆఫీసర్ మహీధర్ గారు ‘సాంకేతిక లోపం’ అని రెండు మాటలు రాసి పంపారు. అది చెల్లదని తిప్పి పంపారు. ఆ తర్వాత మా ఆఫీసులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నాతో సహా. అందుకే ఈ ఫారాలు, ఈ బస్సు, ఈ చెమట.

శిరివెళ్ల దాటాక కాస్త కునుకు పట్టింది. లేచేసరికి ఆళ్లగడ్డ, రోడ్డు పక్కన శిల్పాల షెడ్లు, తెల్లటి రాతి దుమ్ము. నోట్లో కూడా ఆ దుమ్మే ఉన్నట్టనిపించింది.

లూదియా పాఠాలు చెప్పే సెంటరంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక స్కూలు ఆవరణలో మూలనున్న గది, చక్రాల కుర్చీ ఎక్కించడానికి కట్టిన ఏటవాలు మెట్టు, గోడ మీద నోరు ఎలా తెరవాలో చూపించే బొమ్మలు. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు. లూదియా ఆ గదిలో వారానికి రెండు రోజులు కూర్చుంటుంది. ముప్పై దాటని పిల్ల. నన్ను అక్కా అంటుంది. బదిలీ కాగితం వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల నామీద ఒక్క మాట విసుక్కోలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

నేను పోయేసరికి జాహ్నవితో పని చేయిస్తోంది. రాజేశ్వరి కూతురు, ఆరేళ్లది. రెండేళ్ల కిందట చెవి వెనక ఆపరేషన్ చేసి మిషన్ పెట్టారు. మిషన్ పెట్టగానే పిల్లలు గడగడా మాట్లాడేస్తారని అందరూ అనుకుంటారు. మిషన్ శబ్దాన్ని లోపలికి పంపుతుంది, అంతే. ఆ శబ్దం మాటని, ఆ మాటకు అర్థముందని ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్పాలి. అదీ చిన్నతనంలోనే నేర్పాలి. లూదియా నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ‘ఆ’ అంది. వినపడిందన్నట్టు పాప తన ముందున్న స్టీలు గిన్నెలో పూస వేసింది. ‘ఊ’ అంది. ఇంకో పూస. ‘మ్’ అంది. పూస. ‘స్’ అంది. పాప పూస పట్టుకుని లూదియా కళ్లలోకి చూస్తూ కూర్చుంది.

ఆ శబ్దం ఒక్కటే ఇంకా చెవిన పడడం లేదని లూదియా చెప్పింది. ఇంకో ఏడాది ఇలాగే చేస్తే మామూలు బళ్లో మామూలు పిల్లల పక్కన కూర్చుని పాఠం వింటుందట. ఇప్పుడు ఆపేస్తే వచ్చిన నాలుగు మాటలూ వెనక్కి పోతాయట. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, పూసలు ఏరుకుంటోంది.

లూదియా ముందురోజే అందరికీ ఫోన్లు చేసిపెట్టింది కాబట్టి మధ్యాహ్నంలోపే ఆరు ఇళ్ల సంతకాలు అయిపోయాయి. మద్దిలేటి ఒక షెడ్డులో విగ్రహాలు చెక్కుతాడు. వెంట్రుకల నిండా దుమ్ముతోనే భార్యనీ కొడుకు ప్రవీణ్‌నీ తీసుకొచ్చాడు. ఫారం చదివి వినిపిస్తానంటే వద్దన్నాడు.

“నా కొడుక్కు వినపడదని ఊరంతా తెల్సు మేడం. గవర్నమెంటుకే తెల్దంట. రాసుకోమనండి.”

నేను నవ్వాను. నవ్వాల్సింది కాదు. గవర్నమెంటుకు తెలుసు. వాడి పేరు, పుట్టిన తేదీ, ఏ చెవికి ఎంత వినపడుతుందో, అన్నీ నా చేత్తోనే ఎక్కించాను.

ఒంటిగంటన్నర దాటాక రాజేశ్వరి వచ్చింది. బజారులో వాళ్లది స్టీలు సామాన్ల అంగడి. పెద్ద కుటుంబం, పాత వ్యాపారం. ఆమె మామ విశ్వేశ్వరయ్య గారి మాట మీద ఇల్లూ అంగడీ రెండూ నడుస్తాయి. భర్త సుధీర్ మంచివాడే, తండ్రి ముందు మాత్రం నోరు లేవదు. రాజేశ్వరి బెంచీ మీద కూర్చుంది. ఫారం ముందు పెట్టాను, పెన్ను ఇచ్చాను. ముట్టుకోలేదు.

“సంతకం పెడ్తా మేడం. దానికి ముందు నా అర్జీకి జవాబు చెప్పండి. కాగితం మీద కాదు, నోటితో చెప్పండి. సున్నా ఎవరు ఏసినారు?”

మూడు నెలలుగా ఈ ప్రశ్నకు నేను ఎన్ని జవాబులు చెప్పానో లెక్కలేదు. కంప్యూటర్ తప్పన్నాను. పై ఆఫీసు పొరపాటన్నాను. విచారిస్తున్నామన్నాను. ఆ రోజు మాత్రం ఇంకో అబద్ధం వెతుక్కునే ఓపిక నాకు లేకపోయింది. ధైర్యం అనకండి, ధైర్యం కాదు అది. అలసట.

“నేనే” అన్నాను.

చెప్పడం మొదలుపెట్టాక ఆళ్లగడ్డ సున్నా సంగతి మొత్తం చెప్పేశాను. జనవరి ఆఖరి రోజు, సాయంత్రం ఆరు గడువు. నక్షత్రం కొడుతుంటే సైటు తీసుకోవడం లేదు, ఆ గడి అంకె తప్ప ఇంకేదీ తీసుకోదు. మహీధర్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఎవరిదో పెళ్లిలో ఉన్నారు, వెనక మేళం మోగుతోంది. సున్నా కొట్టి పంపేయమన్నారు. అసలు వివరాలు మన దగ్గర భద్రంగా ఉంటాయి కదా, అది ఊరికే జనం చూసే కాగితం అన్నారు. కొట్టి పంపేశాను. ఆరుకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయని ఊపిరి పీల్చుకుని, ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాను. టీచర్లను ఎక్కడెక్కడ వేయాలో తేల్చేవాళ్లు మా దగ్గరున్న అసలు వివరాలు అడగరని, ఆ జనం చూసే కాగితమే తెరిచి చూస్తారని నాకేం తెలుసు? తెలిసుండాల్సింది. పద్నాలుగేళ్లు ఏం చేశాను మరి?

లూదియా పిల్లల్ని తీసుకుని వరండాలోకి పోయింది. రాజేశ్వరి అరుస్తుందనుకున్నాను, అరిచినా బాగుండేది.

“మూడు నెల్లు నా మొగం చూసి అబద్ధం చెప్పినావు” అంది. అప్పటిదాకా మీరు అన్న మనిషి, అప్పటి నుంచి నువ్వు అనడం మొదలుపెట్టింది. “నేను నీకు మజ్జిగ తెచ్చిచ్చినా. పొయినసారి నంద్యాలకొచ్చినప్పుడు. ఎండలో పని చేస్తాండావని.”

నిజమే, తెచ్చింది. తాగాను కూడా. నేలలోకి కుంగిపోవాలనిపించింది. క్షమించమని అడుగుదామనుకున్నాను, కానీ ఆ మాట ఆ గదిలో నాకే ఎబ్బెట్టుగా తోచి మింగేశాను. ఆమె ఫారం తన వైపు లాక్కుని తల్లి అని రాసిన చోట సంతకం పెట్టింది. తండ్రి చోటు ఖాళీగా ఉంది. సుధీర్ రెండింటికి వస్తానన్నాడట.

రెండింటికి సుధీర్ రాలేదు. విశ్వేశ్వరయ్య గారు వచ్చారు.

డెబ్బై దాటిన మనిషి, తెల్ల పంచె, నుదుట బొట్టు. చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చారు. కోడలి వైపు చూడలేదు. నన్ను చూసి చేతులు జోడించారు. వరండాలో కిటికీ దగ్గర నిలబడి చివరి మాటలు విన్నట్టున్నారు.

“నువ్వేనా తల్లీ సున్నా ఏసింది? నీకు పున్నెముంటాది. మా ఇంటి మాట బజారు కాకుండా కాపాడినావు.”

ఈ మూడు నెలల్లో నా తప్పు వల్ల ఎన్నో చీవాట్లు తిన్నాను. ఆ తప్పుకు దండం పెట్టిన మనిషి ఈయన ఒక్కడే. చీవాట్లన్నీ ఒక ఎత్తు, ఈ దండం ఒక ఎత్తు. కుర్చీ జరిపి కూర్చోమన్నాను. కూర్చోలేదు.

సుధీర్ రాడని, సంతకం పెట్టడని ఆయన నెమ్మదిగా చెప్పారు. కోపంగా చెబితే నేనూ ఏదో అనేదాన్ని. మనవరాలి మీద ప్రేమ లేని మనిషి కాదు. ఆ మిషన్ పాడైతే కర్నూలుకు స్వయంగా తీసుకుపోయింది ఆయనే. అహోబిలంలో ఆ పాప పేరున ప్రతి ఏడాదీ పూజ చేయిస్తారు. ఇంట్లో ఏం చేయమన్నా చేస్తారు. కాగితం మీద మాత్రం ఎక్కకూడదు.

“మామా, పాప చెవికి మిషన్ ఉండేది అందరూ చూస్తానే ఉండారు గదా” అంది రాజేశ్వరి. “జడ కప్పితే దాగుతాదా?”

“చూస్తాండారు. చూసి జాలి పడతాండారు. గిన్నె కొనేదానికి వచ్చి, దాన్ని చూసి, ‘అయ్యో’ అని పోతాండారు. ఆ ‘అయ్యో’ బిడ్డకు తెలీకున్నా నాకు తెలుస్తాదమ్మా. దానికి మళ్లా గవర్నమెంటు ముద్ర కూడా యెందుకు?”

కర్నూలులో మంచి టీచరు చేత చెప్పిస్తానని ఆయన అన్నారు. పోయినేడు కూడా అదే మాటన్నారని, రెండు వారాలు పోయి మూడో వారం అంగడిలో రద్దీగా ఉందని ఆపేశారని రాజేశ్వరి గుర్తుచేసింది. ఆయన వరండాలోకి పోయి జాహ్నవి చెయ్యి పట్టుకున్నారు. పాప తాత మొహం చూసి ఏదో అంది. ‘తాత’ అన్నట్టే వినపడింది నాకు. ఆయనకూ అలాగే వినపడినట్టుంది, వంగి ఎత్తుకున్నారు. ఎత్తుకుని, ఎండలోకి నడిచి వెళ్లిపోయారు.

ఆయన్ని తిట్టుకోవాలని ఎంత ప్రయత్నించినా నాకు చేత కాలేదు. ఆ నక్షత్రం గుర్తు పెట్టింది సరిగ్గా ఇలాంటి మనిషి కోసమే కదా. దాన్ని సున్నా చేసింది నేను.

ఆరు ఫారాలు పూర్తి, ఏడోది సగం. అంటే ఏమీ లేనట్టే. మూడున్నర అయింది. రాజేశ్వరి బెంచీ మీద నుంచి లేవలేదు. మద్దిలేటి, కొడుకు పాఠం అయ్యేదాకా ఆగుతానని గుమ్మంలో కూర్చున్నాడు. అప్పుడు మహీధర్ గారి ఫోన్ వచ్చింది.

నేనే స్పీకరులో పెట్టాను. ఎందుకు పెట్టావని మీరడిగితే సరైన జవాబు లేదు. ఆ మనిషి మాటలు ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే విన్నాను, ఇక మోయలేననిపించింది. ఎన్ని సంతకాలైనాయని అడిగారు. ఆరని చెప్పాను. ఆయన నిట్టూర్చారు. ఆయన చెడ్డవాడని చెప్పను, వచ్చే ఏడాది రిటైరవుతున్నారు, ఎవరితోనూ గొడవ వద్దనుకునే మనిషి. గొడవ వద్దనుకునేవాళ్లతోనే నా బతుకంతా సరిపోయింది.

“ఇక వేరే దారి లేదు నాగజ్యోతి గారూ. ఆ సున్నా మీరే పొరపాటున కొట్టానని ఒక లెటర్ రాయండి. ఆళ్లగడ్డ గడి ఒక్కటే, ఎవరినీ అడగకుండా, మీ అంతట మీరే. రేపు పదింటికి నా టేబుల్ మీద ఉంటే సోమవారానికి నక్షత్రం పడుతుంది. ఆ టీచరు కూడా ఆళ్లగడ్డలోనే ఉంటుంది. ఎవరి సంతకాలూ అక్కర్లేదు.”

“మీరు చెప్పారు కదా సార్, ఆ రోజు” అన్నాను.

ఆయన గొంతు ఇంకా మెత్తగా వచ్చింది. “నేను చెప్పానని రాస్తే ఎంక్వైరీ వేస్తారు, ఎంక్వైరీ తేలేసరికి దసరా దాటుతుంది, అప్పటిదాకా పట్టిక ముట్టుకోరు, టీచరు జూన్‌లో నందికొట్కూరులో చేరిపోతుంది, మీరే ఆలోచించుకోండి” అన్నారు. నా ఉద్యోగం గురించి అడిగాను. చూద్దామన్నారు. ఆ ‘చూద్దాం’ సంగతి కాంట్రాక్టు వాళ్లనెవరినైనా అడగండి, చెప్తారు. మమ్మల్ని పర్మినెంటు చేసే జాబితా ఈ వేసవి తర్వాత వస్తుందంటున్నారు. చేతులారా తప్పు ఒప్పుకున్న మనిషి పేరు అందులో ఉండదు. ఈ ఉద్యోగం తప్ప నాకు వేరే ఆధారం లేదు.

ఫోన్ పెట్టేశాను. గదిలో ఉన్న ముగ్గురూ విన్నారు. లూదియా అట్ట పట్టుకుని అలాగే నిలబడింది. మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు.

“ఆయప్ప చెప్పిండేదే గదా. ఆమె ఒక్కతే యెందుకు మొయ్యల్ల?” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

లూదియా టేబుల్ సొరుగులోంచి ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. రాయడం మొదలుపెట్టాను. నా పేరు, నా హోదా, జనవరి ఆఖరి రోజు. ఇంతవరకూ చెయ్యి ఆగకుండానే నడిచింది. ‘ఆళ్లగడ్డ గడి ఒక్కటే’ అని రాయాల్సిన చోటికొచ్చి ఆగిపోయింది.

ఎందుకంటే ఆ రోజు నేను సున్నా కొట్టింది ఒక్క గడిలో కాదు, నలభై ఒక్క గడుల్లో. సంజామలలో చూపు లేని పిల్లలు ముగ్గురున్నారు, పట్టికలో సున్నా. ఇంకో మండలంలో నడవలేనివాళ్లు ఆరుగురు, సున్నా. మిగతా చోట్ల తల్లులింకా ఆ పట్టిక చూడలేదు. చూసినా ఏం చేయాలో తెలియదేమో. నా పొరపాటు ఆళ్లగడ్డ గడి ఒక్కటే అని రాస్తే, ఆ గడి ఒక్కటే దిద్ది ఫైలు మూసేస్తారు. పైనుంచి చెబితే కొట్టానని రాస్తే మాత్రం ఎంక్వైరీ పడి నలభై ఒక్కటీ తెరవాల్సిందే. ఈ మూడు నెలలూ నాకు నిద్ర పట్టనిది రాజేశ్వరి ఒక్కదాని వల్లే కాదు.

రాశాను. మహీధర్ గారు ఫోన్‌లో చెప్పగా కొట్టానని, నలభై ఒక్క గడుల్లో కొట్టానని రాశాను. మండలాల పేర్లు గుర్తున్నంతవరకు కింద రాశాను. సంతకం పెట్టే ముందు రాజేశ్వరి చెయ్యి చాపింది. కాగితం ఇచ్చేశాను. నువ్వు అడిగిన నిజం ఇదిగో అనిపించింది నాకు. కొంచెం గర్వంగా కూడా అనిపించింది, ఒప్పుకుంటాను.

ఆమె నిదానంగా చదివింది. అంగడిలో సరుకు చీటీ చూసుకున్నట్టు, ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివింది. మహీధర్ పేరు దగ్గర వేలు ఆగింది.

“ఇది పోతే ఎంక్వైరీ ఏస్తారు.”

“అవును.”

“లూదియా పోతాది.”

“పోకుండా ప్రయత్నం చేస్తాను. నేనే పై ఆఫీసుకు పోయి…”

“నువ్వు ప్రయత్నం చేస్తావు.” వెక్కిరించలేదు. వెక్కిరించే ఓపిక ఆమెకూ లేదు. “ఈ పేరు కొట్టెయ్యి. ఈ నలభై కూడా కొట్టెయ్యి. ఆయన చెప్పినట్ల రాయి.”

“మిగతా పిల్లలో రాజేశ్వరమ్మా? సంజామలలో ముగ్గురున్నారు. వాళ్ల సంగతి?”

“వాళ్లకూ తల్లులుండారు గదా. నేను తిరిగినా మూడు నెల్లు. వాళ్లనీ తిరగనీ.”

అంత కఠినంగా మాట్లాడే మనిషి కాదు ఆమె. అన్నాక నా కళ్లలోకి చూడలేక కిటికీ బయటికి చూసింది. నాకు కోపం వచ్చింది. మూడు నెలలు నిజం చెప్పు చెప్పు అని నా గుమ్మం తొక్కిన మనిషి, జీవితంలో మొదటిసారి నేను నిజం రాసిస్తే కొట్టెయ్యమంటుందా? అదే మాట ఆమె మొహం మీదే అడిగాను. కొంచెం గట్టిగానే అడిగాను.

రాజేశ్వరి కాగితం మళ్లీ నా ముందు పెట్టింది. పెన్ను మూత తీసి దాని పక్కన పెట్టింది.

“నాకు నిజం వద్దు మేడం. నాకు లూదియా కావల్ల.”

మళ్లీ మేడం అంది. లూదియా అట్ట బల్ల మీద పెట్టి మొహం తిప్పుకుంది. నంద్యాల బస్సుకు ఇంకా పావుగంట ఉంది. నేను పెన్ను చేతిలోకి తీసుకున్నాను.